మీకు తెలుసా? తాడు లాగితే వెలుగు!

టప్పున కరెంటు పోయింది. వాడంతా చీకటి! ఇంతలో పక్కవీధిలో డగడగా ఒక చప్పుడు. ఒక్క ఇంట్లో దీపం వెలిగింది! ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచుల దాకా ఆ చప్పుడు తెలియనివాళ్లు లేరు. ఆ బుల్లి పెట్రోలు జనరేటర్ గుట్టు తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఇలా దగ్గరికి రండి. ఒక్కొక్కటే చెవిలో వేస్తాను!

ముందు వింత మన జిల్లాదే! ఇల్లెందు నేలలో 1889 నుంచే బొగ్గు తవ్వుతున్నారు. ఆ బొగ్గు ఎక్కడెక్కడో దీపాలు వెలిగిస్తోంది. బొగ్గు పుట్టిన చోట మాత్రం గాలివాన వస్తే చాలు, జనరేటర్ తాడు వెతుక్కుంటాం! దీపం కింద చీకటి అంటే ఇదేగా!

పాల్వంచ కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం ఏడో దశ చూశారుగా? ఒకే ఒక్క యూనిట్. సామర్థ్యం 800 మెగావాట్లు! అంత కరెంటు మన ఇంటి రెండు కిలోవాట్ల జనరేటర్లతో తీయాలంటే ఎన్ని కావాలి? వంద కాదు. వెయ్యి కాదు. నాలుగు లక్షలు!

మరి ఆ దయ్యమంత యంత్రానికీ, మీ మూలన ఉన్న పెట్టెకూ తేడా ఏమిటి? లోపలి సూత్రం ఒక్కటే! రాగి తీగ, అయస్కాంతం. ఒకటి తిరిగితే రెండోదానిలో కరెంటు. పాల్వంచలో ఆవిరి తిప్పుతుంది. దిగువ సీలేరులో నీళ్లు తిప్పుతాయి. మీ ఇంట్లో పెట్రోలు తిప్పుతుంది. ఈ గుట్టు మైఖేల్ ఫారడే కనిపెట్టింది 1831లో!

భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన ఎప్పుడు తెరిచారో తెలుసా? 1965లో! సరిగ్గా అదే ఏడాది జపాన్‌లో హోండా తన ఈ-300 అనే బుల్లి జనరేటర్‌ను అమ్మకానికి పెట్టింది. మన వంతెనా, ఆ చేతి జనరేటరూ ఒకే ఈడువి!

దానికి ముందు పుట్టిన నమూనా ఇంకా తమాషా! పేరు ఈ-40. సంవత్సరం 1964. ఎందుకు తయారు చేశారో చెప్పుకోండి? సోనీ వాళ్ల చిన్న టీవీకి కరెంటు ఇవ్వడానికి! ఇల్లంతా నడపడానికి కాదు. ఒక్క టీవీ కోసం!

మన దేశంలో ఆ కథ 1985లో మొదలైంది. ఆ ఏడాది శ్రీరాం హోండా కంపెనీ పుట్టింది! అప్పట్లో పెట్రోలుతో స్టార్ట్ చేసి, కిరోసిన్ మీదికి మార్చే రకాలు కూడా నడిచేవి. రేషన్ కిరోసిన్ వాసన, డగడగ చప్పుడు, పెళ్లి పందిట్లో దీపాలు. నలభై దాటినవాళ్లకు ఆ వాసన ఇప్పుడు కూడా గుర్తొచ్చేసి ఉంటుంది!

ఇప్పుడు మూత తీసి లోపలికి చూద్దాం! మామూలు చిన్న జనరేటర్ ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. ఎక్కువ తిరగకూడదు. తక్కువ తిరగకూడదు! అలా తిరిగితేనే మన ఇంటి 50 హెర్ట్జ్ కరెంటు. మీరు రెప్ప వేసి తీసేలోపు అది పది చుట్లు తిరిగేస్తుంది!

తాడుతో లాగే చిన్న జనరేటర్‌లో బ్యాటరీ ఉండదు. అయినా ప్లగ్గులో నిప్పురవ్వ ఎగురుతుంది! ఎలా? చక్రానికి అతికించిన అయస్కాంతం కాయిల్ పక్కనుంచి దూసుకుపోతుంది. అంతే! పుట్టేది 10 వేల వోల్టులకు పైనే! అదంతా మీ చేతి లాగుడు నుంచే వచ్చింది.

ఆ నిప్పురవ్వ దూకే సందు ఎంతో తెలుసా? సుమారు 0.7 మిల్లీమీటర్లు! మీ గోరు మందానికి కాస్త ఎక్కువ. అంతే! దాని మీద నల్లటి మసి పేరుకుంటే ఎంత లాగినా ఇంజిన్ పలకదు. ప్లగ్గు విప్పండి. ఇత్తడి తీగల బ్రష్షుతో మెల్లగా రుద్దండి. లేత ఇటుక రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యం భేష్! కాటుకలా ఉంటే గాలి అందడం లేదని అర్థం.

ఇంకో విడ్డూరం! ఏడాది పాటు మూలన పడేసిన జనరేటర్ ఒక్కోసారి చక్కగా స్టార్ట్ అవుతుంది. చప్పుడు బ్రహ్మాండం. బల్బు మాత్రం వెలగదు! లోపలి ఇనుములో మిగిలే చిటికెడు అయస్కాంత గుణం కరిగిపోయిందన్నమాట. ఆ చిటికెడే పెరిగి పెరిగి 230 వోల్టులు అవుతుంది! మెకానిక్ మళ్లీ ఆ గుణం ఎక్కించగలడు. మీరు చేయి పెట్టకండి.

మన భద్రాచలం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉంది? దాదాపు 50 మీటర్లే! ఇది జనరేటర్‌కు వరం! ఎందుకంటారా? కొండలెక్కేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ సత్తా తగ్గుతుంది. లేహ్‌లో మూలిగే ఇంజిన్ మన గోదావరి గట్టున నిండు బలంతో పరుగెత్తుతుంది!

కొత్త జనరేటర్ కొన్నారా? మొదటి ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి? ఏడాదికా? ఆరు నెలలకా? కాదు! కేవలం 20 గంటలకే! కొత్త ఇంజిన్ లోపల ఇనుము ఇనుముతో రాసుకుని సన్నటి పొడి రాలుతుంది. తీసిన ఆయిల్‌ను ఎండలో పట్టుకుని చూడండి. తళతళా మెరుస్తుంది! మురిసిపోకండి. అది మీ ఇంజిన్ అరుగుదల!

తర్వాత ప్రతి 100 గంటలకు ఒకసారి, లేదా ఆరు నెలలకోసారి మార్చాలి. వంద గంటలే కదా అనుకుంటున్నారా? బైకు మీద గంటకు యాభై కిలోమీటర్ల లెక్కన వంద గంటలు వెళ్లండి. ఐదు వేల కిలోమీటర్లు! ఆయిల్ మార్చకుండా బైకును అంతదూరం తిప్పుతారా? మరి దీన్నెందుకు తిప్పుతున్నారు?

ఇంతకీ ఆ ఆయిల్ ఎంత పడుతుంది? చాలా చిన్న జనరేటర్లలో అర లీటరు అటూ ఇటూ! నీళ్ల సీసాలో సగం. వేల రూపాయల యంత్రం ప్రాణం ఆ సగం సీసాలో ఉంది!

ఒక రహస్యం చెప్తాను, నవ్వకండి! బాగున్న ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎంత లాగినా మొరాయిస్తుంది. భుజాన వేసుకుని షెడ్డుకు మోసుకెళ్తారు. అక్కడ ఒక్క లాగుడుకే స్టార్ట్! ఏమైంది? ఇంటి దగ్గర గట్టు మీద వాలుగా పెట్టారు. ఆయిల్ ఒక పక్కకు జారింది. ఆయిల్ తగ్గిందనుకుని లోపలి కాపలాదారు, అదే ఆయిల్ సెన్సర్, ఇంజిన్ ఆపేశాడు! రిపేరు ఖర్చు 0 రూపాయలు. మోసిన నొప్పి మాత్రం మీదే!

ఒక్క లీటరు పెట్రోలు మండాలంటే ఎంత గాలి కావాలో ఊహించండి. పది లీటర్లా? వందా? 8 వేల లీటర్లకు పైగా! అవును, ఎనిమిది వేలు! ఆ గాలంతా ఎయిర్ ఫిల్టర్ అనే ఒక స్పాంజి ముక్క గుండానే లోపలికి పోవాలి.

అందుకే ఆ స్పాంజిని 50 గంటలకోసారి కడగాలి. మిరప కల్లంలో వాడితే ఇంకా ముందే! ఎర్రటి ధూళి పట్టి అది గోరింటాకు ముద్దలా తయారవుతుంది. సబ్బునీళ్లలో పిసకండి. నీడన ఆరబెట్టండి. రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి గట్టిగా పిండేయండి. ఐదు నిమిషాల పని. ఇంజిన్‌కు కొత్త ఊపిరి!

కార్బరేటర్‌లో పెట్రోలు దూరే రంధ్రం ఎంత ఉంటుందో తెలుసా? 1 మిల్లీమీటరు కూడా ఉండదు! ఒక చిన్న నలుసు చాలు. ఇంజిన్ మూగబోతుంది. పెద్ద పెద్ద రోగాలనుకుని బెంగపడతాం. తీరా చూస్తే దోషి కంటికి ఆనని చెత్త!

ఆ చెత్త ఎక్కడిది? పెట్రోలుదే! ట్యాంకులో వదిలేసిన పెట్రోలు 30 రోజులు దాటితే పాతబడటం మొదలవుతుంది. మెల్లగా జిగురవుతుంది. పాత పెట్రోలును వాసన చూస్తేనే తెలిసిపోతుంది. ఘాటు పోయి వార్నిష్ వాసన వస్తుంది! సంక్రాంతికి పోసింది శ్రీరామనవమికి వాడబోతున్నారా? ఆగండి!

బంకులో పోయించుకునే లీటరు పెట్రోలులో ఇప్పుడు 200 మిల్లీలీటర్ల దాకా ఇథనాలే! అంటే ఐదో వంతు! దానికి నీళ్లంటే మహా ప్రేమ. గాలిలో తడిని కూడా లాగేసుకుంటుంది. మన అడవి వానాకాలంలో తడికేం కొదవ? తడి ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. కార్బరేటర్‌కు ముందు అందేది ఆ అడుగుదే!

దీనికి పైసా ఖర్చు లేని చిట్కా ఉంది! స్విచ్ నొక్కి ఆపకండి. పెట్రోలు కాక్ కట్టేయండి. ఇంజిన్‌ను దాని మానాన వదిలేయండి. కార్బరేటర్‌లో ఉన్న చివరి చుక్క దాకా తాగి, రెండు దగ్గులు దగ్గి, అదే ఆగిపోతుంది. కొన్ని నిమిషాల ఓపిక. జిగురు బాధ 90 పాళ్లు తప్పినట్టే అంటాడు ఏ మెకానిక్‌ను అడిగినా!

కుమ్మరి పురుగు తెలుసుగా? తలుపు మూలల్లో బురద గూడు కట్టేది! దానికి జనరేటర్ గొట్టం కూడా ఇల్లే. ఒక్క రంధ్రం కనిపిస్తే చాలు, మట్టితో పూడ్చేస్తుంది! గాలి ఆడదు. పొగ పోదు. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరి! చాలాకాలం తర్వాత తీస్తున్నారా? ముందు టార్చి వేసి గొట్టంలోకి తొంగి చూడండి.

ఇప్పుడు ప్రాణాల మాట. కాస్త దగ్గరగా వినండి! జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు. వాసన లేదు. మన రక్తం ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని అంటిపెట్టుకుంటుంది! మొదట తలనొప్పి. తర్వాత వికారం. ఆ తర్వాత మగత. నిద్ర వస్తోందనుకుంటాడు మనిషి. అది నిద్ర కాదు!

ఒక్క చిన్న జనరేటర్ ఎంత విషం వదలగలదు? వందల కార్లు కలిసి వదిలినంత! ఇది అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ మాట. వంద కార్లను మీ వసారాలో నిలబెట్టి స్టార్ట్ చేస్తారా? కిటికీ తీశాం కదా అనే ధైర్యం పనికిరాదు!

మరి ఎంత దూరం పెట్టాలి? 20 అడుగులు! ఆరుబయట, పొగగొట్టం ఇంటికి వీపు చేసి ఉండాలి. వాన పడుతోందని వరండాలోకి లాగకండి. దొంగ ఎత్తుకెళ్తాడని గదిలో పెట్టి తాళం వేయకండి! గొలుసు కొనుక్కోండి. చెట్టుకు కట్టేయండి.

దూరం పెడితే ఇంకో లాభం! దూరం రెట్టింపైన ప్రతిసారీ చప్పుడు 6 డెసిబెల్స్ పడిపోతుంది. పది అడుగుల్లో చెవులు దిమ్మెక్కించేది ఇరవైలో సర్దుకుంటుంది. నలభైలో జోలపాట! మీకూ నిద్ర. పక్కింటివాళ్లకూ నిద్ర.

వేసవిలో ఎండిన టేకాకుల మీద జనరేటర్ పెట్టారా? అయ్యబాబోయ్! కాగితం దాదాపు 230 డిగ్రీల దగ్గర అంటుకుంటుంది. సైలెన్సర్ అంతకు మించి కాలగలదు! కాబట్టి చుట్టూ ఊడ్చి, మట్టి నేల మీద పెట్టండి. ఒక్క ఆకు చాలు, అడవికి నిప్పు పెట్టడానికి!

పెట్రోలు ఎంత చలిలో కూడా అంటుకునే ఆవిరి వదులుతుందో తెలుసా? సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా! మన మే నెల ఎండల్లో ఇక చెప్పాలా? వేడి ఇంజిన్ మీద పెట్రోలు పోయడమంటే పులి నోట్లో తలపెట్టడమే. ఆపండి. చల్లారనివ్వండి. అప్పుడే మూత తీయండి!

ఆ ఆవిరికి ఇంకో దొంగబుద్ధి ఉంది! గాలికన్నా 3 రెట్లకు పైగా బరువు. పైకి పోదు. నేల మీద పాకుతుంది! మీ డబ్బా ఈ మూలన ఉంటుంది. పొయ్యి ఆ మూలన ఉంటుంది. మధ్యలో ఆవిరి పిల్లిలా నడిచి వెళ్తుంది.

ఇంట్లో ఎంత పెట్రోలు ఉంచుకోవచ్చు? దీనికీ చట్టం ఉంది! అమ్మకానికి కాకుండా సొంతానికైతే లైసెన్సు లేకుండా మొత్తం 30 లీటర్లు మించకూడదు. ఆ చట్టం వయసు తొంభై ఏళ్లు దాటింది. దాని పేరు 1934 నాటి పెట్రోలియం చట్టం!

డబ్బా ఎలా ఉండాలో కూడా అందులోనే రాశారు! గట్టి మూత ఉన్న ఇనుప డబ్బా అయితే 25 లీటర్ల దాకా. గాజు సీసా అయితే ఒక్క లీటరే. మరి మనం తెచ్చే కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా? అది ఆ జాబితాలోనే లేదు!

కొందరు ఒక ఘోరం చేస్తారు. రెండువైపులా పిన్నులున్న వైరు తెచ్చి, జనరేటర్ కరెంటును గోడ ప్లగ్గులోకి ఎక్కిస్తారు! వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను మన ఇంటికి సరిపడా దించుతుంది కదా? అది వెనక్కి కూడా పనిచేస్తుంది! మీ 230 అవతల వేలుగా లేస్తుంది. కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ గతి ఏమిటి?

దీనికి విరుగుడు ఒకే ఒక్క పిడి! పేరు చేంజోవర్ స్విచ్. పైకి వేస్తే లైను. కిందికి వేస్తే జనరేటర్. రెండూ ఒకేసారి కలవడం అసాధ్యం! ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఒక మనిషి ప్రాణం కన్నా చాలా చౌక!

లీటరు పెట్రోలులో 8 యూనిట్లకు పైగా శక్తి దాగి ఉంది! మనకు దక్కేది ఎంత? ఒకటిన్నర యూనిట్ చుట్టుపక్కల! మిగతాది వేడి, పొగ, చప్పుడు. గోదావరిలో కడవ ముంచి, ఇంటికొచ్చేసరికి చెంబుడు మిగిలినట్టు!

అయితే యూనిట్ ఎంత పడుతుంది? పెట్రోలు లీటరు నూటపది అనుకోండి. లెక్క వేయండి. ఒక్క యూనిట్‌కు 65 రూపాయల పైనే! నెలనెలా కరెంటు బిల్లు చూసి నిట్టూర్చేవాళ్లు ఈ లెక్క చూస్తే ఆ బిల్లును కళ్లకద్దుకుంటారు!

అందుకే బల్బు మార్చండి, తమాషా చూడండి! ఒక కిలోవాట్ జనరేటర్ మీద పాతకాలపు అరవై వాట్ల బల్బులు పదహారే వెలుగుతాయి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలైతే? 110! ఒక ఇంటి జనరేటర్ వీధి పెళ్లికి సరిపోతుంది!

మోటార్లతో మాత్రం జాగ్రత్త! ఫ్రిజ్జు, నీళ్ల మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా 5 రెట్లకు పైగా కరెంటు గుంజుతాయి! ఆ ఒక్క క్షణానికే చిన్న జనరేటర్ మూలుగుతుంది. అందుకే ముందు మోటారు వేయండి. అది ఊపందుకున్నాక దీపాలు, ఫ్యాన్లు. వరస మారిస్తే చీకటే!

కొట్లో కొనేటప్పుడు ఒక చిన్న కిటుకు! రెండు జనరేటర్లు. ఒకే సైజు, ఒకే సామర్థ్యం. ఒకటి బాగా తేలిగ్గా ఉంది. సంబరపడకండి, అనుమానపడండి! లోపల రాగికి బదులు అల్యూమినియం తీగ ఉండొచ్చు. రాగి అల్యూమినియం కన్నా 3 రెట్లకు పైగా బరువు! తీగ దేనిదని నోరు తెరిచి అడగండి. బిల్లు మీద రాయించుకోండి.

2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర ఎంత ఎత్తుకు లేచిందో గుర్తుందా? 71.3 అడుగులు! అలాంటి వరదలో మునిగిన జనరేటర్‌ను, పైపైన ఎండింది కదా అని తాడు లాగకండి. సిలిండర్‌లో నీళ్లుంటే లోపలి కడ్డీ వంగిపోతుంది! బురద ఆయిల్, నీళ్లు కలిసిన పెట్రోలు ముందు తీసేయించాలి. తీగచుట్ట ఆరిందని మెకానిక్ చెప్పాకే స్టార్ట్!

చివరిగా అన్నిటికన్నా చిన్న కిటుకు. వినడానికి తేలిక, చేసేవాళ్లు అరుదు! నెలకోసారి 15 నిమిషాలు నడపండి. ఖాళీగా కాదు. నాలుగు దీపాలు, ఒక ఫ్యాన్ తగిలించి నడపండి! పెట్రోలు కదులుతుంది. ఆయిల్ పారుతుంది. తీగచుట్టలో తడి ఆరుతుంది. ఆ చిటికెడు అయస్కాంత గుణం కూడా నిలుస్తుంది.

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక వినిపిస్తుంది. మీ జనరేటర్ అలాంటి హెచ్చరికలేమీ ఇవ్వదు. అవసరం పడ్డ రాత్రే మొరాయిస్తుంది! దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఈ ఆదివారం కరెంటు ఉండగానే జనరేటర్ మీద కప్పిన గోనెసంచి తీయండి. ఆయిల్ చూడండి. తాడు ఒకసారి లాగి చూడండి!